రెండు వేల బస్సులు సరే, నడిపే డబ్బు ఎవరిది?

హైదరాబాద్ నగర పౌరులకు, ప్రజాప్రతినిధులకు విన్నపం

పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించినట్టు 2025 మేలో కేంద్రం ప్రకటించింది. బెంగళూరుకు 4,500, ఢిల్లీకి 2,800, అహ్మదాబాద్‌కు వెయ్యి, సూరత్‌కు 600 దక్కాయి. నగరంలో దీనిపై రెండు వాదనలున్నాయి. ఇన్నాళ్లకు కేంద్రం కరుణించింది, కళ్లకద్దుకుని తీసుకోవాలన్నది ఒకటి. ఆర్టీసీ డిపోలను ప్రైవేటు కంపెనీలకు అప్పజెప్పే దొడ్డిదారి ఇదేనన్నది కార్మిక సంఘాల మాట.

వచ్చే బస్సులను కాదనడం పొరపాటు. లెక్క చూసుకోకుండా సంతకం పెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు. కేంద్రమిచ్చే సొమ్ము బస్సు కొనేందుకే పనికొస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి నడిపే ఖర్చు రాష్ట్రానిది, నగరానిది. ఆ ఖర్చుకు చట్టబద్ధమైన నిధిని తొలి బస్సు రోడ్డెక్కేలోపే ఏర్పాటు చేయాలన్నదే ఈ కరపత్రం కోరిక.

ఈ కథ కొత్తది కాదు. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకు వాహన కర్మాగారాల్లో ఆర్డర్లు పడిపోయాయి. 2009 జనవరి 2న కేంద్రం ప్రకటించిన రెండో ఉద్దీపన ప్యాకేజీలో నగరాల బస్సులకూ చోటు దొరికింది. ఫ్యాక్టరీకి పని, నగరానికి బస్సు, ఒకే ఖర్చుతో రెండు ప్రయోజనాలు. కేంద్ర నగరాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద 60కి పైగా నగరాలకు సుమారు 15 వేల బస్సులు మంజూరయ్యాయి. 40 లక్షలకు మించి జనాభా ఉన్న హైదరాబాద్ లాంటి నగరాలకు కేంద్రం వాటా 35 శాతం. దానితోపాటు షరతులూ పెట్టింది. రవాణా సంస్థలన్నిటినీ ఒక తాటిపైకి తెచ్చే ఉమ్మడి అథారిటీ ఉండాలి, నగర రవాణాకు ప్రత్యేక నిధి ఉండాలి, పార్కింగ్‌కు, ప్రకటనలకు ఒక విధానం ఉండాలి. బస్సులు వచ్చాయి. షరతులు చాలాచోట్ల కాగితం దాటలేదు.

ఆ తర్వాత ఏమైందో కొచ్చి చెబుతుంది. ఆ పథకం కింద కొన్న లో ఫ్లోర్ ఏసీ వోల్వోలు మరమ్మతులకు నోచుకోక తేవర డిపోలో ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. పనికిరాని లో ఫ్లోర్ బస్సులను తరగతి గదులుగా మారుస్తామని 2022లో కేరళ రవాణా మంత్రే ప్రకటించారు. తిరువనంతపురంలోని మణక్కాడ్ పాఠశాలకు రెండు బస్సులు ఇచ్చారు కూడా. పిల్లలకు మంచిదే. కానీ ఆ బస్సులు కొన్నది నగర ప్రయాణికుల కోసం.

అమెరికాలోనూ అదే ఏడాది అదే తంతు. 2009 ఫిబ్రవరిలో ఒబామా సంతకం చేసిన 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టంలో ప్రజా రవాణాకు 8.4 బిలియన్లు కేటాయించారు. వాటితో బస్సులు కొనవచ్చు, స్టేషన్లు బాగుచేయవచ్చు. డ్రైవర్ల జీతాలకు, డీజిలుకు మాత్రం వాడకూడదన్నారు. ఒకపక్క ఆ నిధులు వస్తుండగానే, మార్చి నెలాఖరున సెయింట్ లూయిస్ రవాణా సంస్థ డబ్బుల్లేక బస్సు సర్వీసులకు భారీగా కోత పెట్టింది. జూన్‌లో అమెరికా కాంగ్రెస్ కొంత మెత్తబడి, పది శాతం వరకు నిర్వహణకు వాడుకోవచ్చంది. అసలు మార్పు మాత్రం స్థానికంగానే వచ్చింది. 2010 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ కౌంటీ ఓటర్లు రవాణా కోసం అర శాతం అమ్మకపు పన్నుకు ఓటేశారు. తగ్గిన సర్వీసులను తిరిగి పెంచే వీలు దాంతో కలిగింది.

హైదరాబాద్‌కు ఇలాంటి ఏర్పాటు లేకపోలేదు, మధ్యలో చచ్చిపోయింది. నగరంలో ఆర్టీసీకి వచ్చే నష్టాన్ని నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ భర్తీ చేయాలని తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక నిర్ణయించారు. జీహెచ్‌ఎంసీ సుమారు 336 కోట్లు ఇచ్చి ఆపేసింది. 2019 ఆర్టీసీ కార్మికుల సమ్మె వేళ ఆ లెక్క హైకోర్టుకెక్కింది. ఇవ్వాల్సిన బకాయి ఇంకా ఉందని ఆర్టీసీ, ఇచ్చి తీరాలన్న నిర్బంధం తమకు లేదని జీహెచ్‌ఎంసీ వాదించాయి. 52 రోజుల సమ్మె ముగిశాక నష్టాల పేరుతో నగరంలో వందల బస్సులను తప్పించారు. ఆ భారం మోసింది స్టాపుల్లో నిలబడ్డవాళ్లు.

ఆ కొరతలోనే 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం మొదలైంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణానికి జీరో టికెట్ ఇస్తున్నారు. ఇళ్లలో పనులకు, దుకాణాల్లో కొలువులకు, కాలేజీలకు వెళ్లేవాళ్లకు అది పెద్ద ఊరట. అయితే ప్రతి జీరో టికెట్టూ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సిన బాకీ. ఆ బాకీ ఏ నెలకు ఆ నెల తీరకపోతే బస్సు నిండా జనం ఉన్నా డిపో ఖజానా ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు రాబోయే బస్సుల లెక్క మరీ గట్టిది. పీఎం ఈ-డ్రైవ్‌లో పన్నెండు మీటర్ల బస్సుకు కేంద్ర రాయితీ గరిష్ఠంగా 35 లక్షలు. బస్సు ప్రైవేటు ఆపరేటర్‌దే. ఆర్టీసీ అతనికి తిరిగిన కిలోమీటర్లను బట్టి చెల్లించాలి, బస్సు నిండినా నిండకపోయినా. చెల్లింపు ఆలస్యమైతే ఆపరేటర్‌ను ఆదుకునేందుకు కేంద్రం 2024లో 3,435 కోట్లతో ఒక భద్రతా నిధి పెట్టింది. ఆ నిధి నుంచి ఇచ్చిన సొమ్మును తర్వాత రిజర్వు బ్యాంకులో రాష్ట్రానికున్న ఖాతా నుంచి నేరుగా మినహాయించుకోవచ్చు. పాత పథకంలో డబ్బు లేకపోతే బస్సు ఆగేది. ఇప్పుడు బిల్లు ఆగదు.

బస్సు రోజుకు 200 కిలోమీటర్లు తిరుగుతుందనుకుంటే 2,000 బస్సులు రోజుకు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి. కిలోమీటరుకు ఆపరేటర్‌కు ఇచ్చేదానికీ టికెట్ల మీద వచ్చేదానికీ ఒక్క రూపాయి తేడా ఉన్నా ఏడాదికి 14.6 కోట్లు. పది రూపాయల తేడా ఉంటే 146 కోట్లు. బస్సు కొనడం పెళ్లి ఖర్చయితే, నడపడం సంసారం ఖర్చు.

కేంద్రానికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. 2023లో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలో చిన్న, మధ్యతరహా నగరాలకు పదేళ్లపాటు నిర్వహణ సాయం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ నగరాలకు మంజూరైన 750 బస్సులు ఆ పథకం కిందివే. జనాభా 40 లక్షలు దాటిన నగరాలకు ఆ వరం లేదు. కాబట్టి ఢిల్లీని అడగాల్సింది బస్సుల సంఖ్యతో పాటు, పెద్ద నగరాలకూ కిలోమీటరు లెక్కన నడిపే సాయం.

మెట్రో రెండో దశ వస్తోంది కదా, బస్సులకు ఇంత రాద్ధాంతమెందుకని కొందరంటారు. 2024లో కేంద్రానికి పంపిన ప్రతిపాదన ప్రకారం అది 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. వచ్చినా మెట్రో స్టేషన్ నుంచి చర్లపల్లికో జీడిమెట్లకో షిఫ్టు డ్యూటీకి వెళ్లే మనిషికి బస్సే కావాలి. కార్మిక సంఘాల భయం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. దానికి జవాబు ఒప్పందంలోనే రాసి ఉండాలి.

చేయాల్సినవి ఇవి. ఆస్తి పన్ను, వాహనాల లైఫ్ ట్యాక్స్, భవన అనుమతుల రుసుము, హోర్డింగులు, పార్కింగ్ రాబడిలో కొంత వాటా ప్రతి నెలా ఒక విడి ఖాతాకు జమయ్యేలా నగర రవాణా నిధి చట్టం తేవాలి. జీహెచ్‌ఎంసీ అనుభవం దృష్ట్యా, అందులో 'ఇవ్వవచ్చు' అని కాక 'ఇవ్వాలి' అని ఉండాలి. జీరో టికెట్ల బాకీ నెలలోగా తీర్చాలి. డిపో స్థలాల యాజమాన్యం ఆర్టీసీ దగ్గరే ఉండాలి, ఆపరేటర్‌కు ఛార్జింగ్‌కు, పార్కింగ్‌కు వాడుకునే హక్కు వరకే. కిలోమీటరు ధర, కనీస కిలోమీటర్ల హామీ, డ్రైవర్ల జీతం, పని గంటలు ఉన్న ఒప్పందాన్ని తెలుగులో బయటపెట్టాలి. పాత డీజిల్ బస్సులు ఎన్ని తీస్తారో, ఏ రూట్లలో కొత్తవి ఎన్ని కలుస్తాయో డిపోలవారీగా చెప్పాలి. 2,000 తెచ్చి 2,000 తీసేస్తే స్టాపులో నిరీక్షణ ఒక్క నిమిషం కూడా తగ్గదు.

కాలనీ సంఘాలు, విద్యార్థి సంఘాలు, ఉద్యోగినులు, ఆర్టీసీ కార్మికులు రానున్న శాసనసభ బడ్జెట్ సమావేశాల లోపు తమ ఎమ్మెల్యేకు ఈ డిమాండ్లతో వినతిపత్రం ఇవ్వాలి. కొత్త బస్సులు నడిపేందుకు ఈ ఏడాది బడ్జెట్లో ఏ పద్దు కింద ఎన్ని కోట్లు పెట్టారో సభలో అడుగుతానని ఆయన చేత రాతపూర్వకంగా మాట తీసుకోవాలి.