ఉదయగిరి పడమట ఉంటే తప్పేమిటి?

ఊరి పేరును విరిచి, ఆ ముక్కల్లోంచి ఊరి చరిత్రను లాగే విద్య మనవారిలో బాగా ప్రబలింది. ఈ మధ్య ఒక సాహిత్యమిత్రులు అదే ధోరణిలో "పేరంటే కుదించిన వర్ణన, వర్ణన దేనికి సరిపోతే పేరు దానిది" అని సెలవిచ్చారు. పైగా దానికి రసెల్ సాక్ష్యం!

ఒకసారి మా నెల్లూరు పడమటి సీమకు దయచేయండి. ఉదయగిరి అంటే సూర్యుడు పొడిచే కొండ. నెల్లూరులో నిలబడితే అది వాయవ్యాన, పొద్దు గుంకే వైపున ఉంటుంది. హంపీ నుంచి చూస్తే తూర్పున ఉంటుంది. అయినా 1514లో గజపతుల నుంచి ఆ దుర్గాన్ని గెలిచిన కృష్ణదేవరాయలకూ, నేటి బస్సు కండక్టరుకూ ఆ పేరు చూపేది ఒకే కొండను. వర్ణన మనం నిలబడ్డ చోటును బట్టి మారింది, పేరు మారలేదు. డార్ట్ నది దారి మళ్ళినా డార్ట్‌మత్ పేరు చెక్కుచెదరదని మిల్ 1843లోనే అన్నాడు. మన తర్కశాస్త్రం దీన్నే రూఢి అంటుంది.

రసెల్‌కు కూడా అన్యాయం చేయకూడదు. 1905 నాటి ఆయన వాదంలోని వర్ణన వ్యుత్పత్తి కాదు. వస్తువును గురించి మనకు తెలిసిన సంగతి. ఉదాహరణకు, "రాయలు 1514లో గెలిచిన కొండకోట". మరి రాయలు ఓడిపోయి ఉంటే? అప్పుడు ఓడింది ఉదయగిరిలోనే అంటాం గదా! 1970లో ప్రిన్స్‌టన్ ఉపన్యాసాలలో క్రిప్కీ పట్టుకున్న కీలకం ఇదే. పేరు ఒకసారి అతుక్కున్నాక, నోటినుంచి నోటికి అందుతూ ఆ వస్తువునే చేరుతుంది.

"అయితే ఆత్మకూరు సంగతేమిటి?" అంటారు మిత్రులు. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఇంకొకటి. నేను మా ఆత్మకూరుకు వ్రాసిన ఉత్తరమొకటి శ్రీశైలం అడవుల దాకా వెళ్ళివచ్చింది కూడా. కాబట్టి జిల్లా అనే వర్ణన కావాలి గదా అని వారి వాదం. కావాలి, ఒప్పుకుంటాను. కాని అది ఒకే ధ్వనిగల మూడు పేర్లలో నేను వాడినది ఏదో తేల్చడానికి. తేలాక ఊరిని చూపే పని పేరుదే. నెల్లూరు నగరంలోనే ఆత్మకూరు బస్టాండు ఉంది. అక్కడ దిగి ఆత్మకూరు చేరామనుకున్నవారిని నేనింతవరకు చూడలేదు.

క్రిప్కీ వాదంలో చిక్కు లేకపోలేదు. ఆఫ్రికా ప్రధానభూమిలోని ప్రాంతం పేరు పొరపాటున మడగాస్కర్ దీవికి అంటుకుందని ఎవాన్స్ 1973లో ఎత్తిచూపాడు. మిత్రులు అక్కడ పట్టుకుంటే కూర్చుని వింటాను. "ఆత్మ"ను "కూరు" నుంచి విడదీసి తెస్తే మాత్రం నాకు తీరిక లేదు.