మౌనము సమ్మతి యగునా?

బ్రౌజరు నేడు పండితునకును పామరునకును నిత్యావసరమైన సాధనము. రైతు తన అడంగలునో పహాణీనో చూచుకొనుట, విద్యార్థి పరీక్షాఫలితము తెలిసికొనుట, వృద్ధులు రైలు టిక్కెట్టు కొనుట, ప్రవాసాంధ్రులు స్వదేశవార్తలు చదువుకొనుట, సర్వమును ఈ గవాక్షము గుండనే జరుగుచున్నది. దీనిగుండ మనము లోకమును చూచుట యెంత నిజమో, లోకము మనలను చూచుటయు అంత నిజము. చూచువారెవరు? వారు వ్రాసికొనుచున్నదేమి? అందులకు మన యనుమతి నెన్నడు గైకొనిరి? ఈ ప్రశ్నలు యంత్రశాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినవని పాఠకులు ఉపేక్షింపరాదు. ఇవి పౌరస్వాతంత్ర్యమునకు సంబంధించిన ప్రశ్నలు.

1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటుల్లి 'కుకీ' యను చిన్న గుర్తును కల్పించెను. ఒక వెబ్‌సైటు తనయొద్దకు మరల వచ్చినవానిని గుర్తించుటకు అది యుపకరించును. ఇంతవరకు దోషమేమియు లేదు. కాని ఆ పుటలో ప్రకటన వేసికొనిన మూడవవాడును తన కుకీని మన యంత్రమున నిలుపవచ్చును. వేరొక పుటలో వాని ప్రకటనయే కనబడినప్పుడు వాడు మనలను ఆనవాలు పట్టును. ఉదయమున ఒక వ్యాధిని గూర్చి చదివినవారే సాయంకాలమున అప్పును గూర్చి విచారించిరని వానికి తెలిసిపోవును. దుకాణదారుడు తన ఖాతాదారుని గుర్తుంచుకొనుట వేరు. ఊరిలోని ప్రతి దుకాణము ముంగిట ఒకే మనిషి నిలిచి మన రాకపోకలను పద్దు వ్రాసికొనుట వేరు.

ఈ చెడుగునకు విరుగుడు లేకపోలేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2019 సెప్టెంబరు మొదలు, పేరుపడిన వెంబడింపు కుకీలను తనంతట తానే అడ్డుచున్నది. 2022 జూను మొదలు ఒక సైటు కుకీలు మరియొక సైటున అక్కరకు రాకుండ వేర్వేరుగ భద్రపరచు పద్ధతిని అందరకును వర్తింపజేసినది. ఆపిల్ సంస్థవారి సఫారీ 2020 మార్చిలో మూడవవారి కుకీలనన్నిటిని నిషేధించినది. గూగుల్ సంస్థవారు తమ క్రోమునందు వీనిని రెండేండ్లలో తొలగింతుమని 2020 జనవరిలో ప్రకటించిరి. గడువు పలుమారులు వాయిదా పడినది. 2024 జూలైలో ఆ సంకల్పమును విడిచిరి. ఈ విషయమై వాడుకరులను ప్రత్యేకముగ ప్రశ్నించెదమనిన మాటయు 2025 ఏప్రిలులో వదలుకొనిరి. ఆ సంస్థ ఆదాయములో అధికభాగము ప్రకటనలవలననే వచ్చునన్న సంగతి సర్వవిదితము. కంచె వేయవలసినవాడే మందకు యజమాని యైనప్పుడు చేనికి రక్షణ యెట్లు కలుగును?

ఇందులకు సంస్థల సమాధానమొకటి కలదు. సెట్టింగులలో అన్నియు నున్నవి, ఇష్టము లేనివారు మార్చుకొనవచ్చును గదా యని వారందురు. ఇది వినుటకు న్యాయముగ తోచును. కాని యంత్రము చేతికి వచ్చునప్పటికి ఏ యేర్పాటు చేయబడి యుండునో, దానినే జనసామాన్యము అనుసరించుచుండును. మీట యెక్కడ నున్నదో తెలియనివానికి అది యుండియు లేనట్లే. పేర్లును భ్రమ గొలుపుచున్నవి. క్రోములోని 'ఇన్‌కాగ్నిటో' పద్ధతియందు తమ్మునెవ్వరును చూడరని పెక్కుమంది తలచిరి. అది ముఖ్యముగ ఆ యంత్రమునే వాడు ఇతరులకు మన చరిత్ర కనబడకుండ చేయునదియే. ఈ విషయమై 2020లో అమెరికాలో వ్యాజ్యము పుట్టినది. 2024లో బహిర్గతమైన రాజీప్రకారము కోట్లాది నమోదులను చెరిపివేయుటకు గాని, వ్యక్తులను గుర్తింపరాకుండ మార్చుటకు గాని గూగుల్ సంస్థ యొప్పుకొనవలసి వచ్చినది.

చట్టబలము లేని మీటకు విలువ యెంతయో మరియొక యుదంతము తెలుపుచున్నది. 'నన్ను వెంబడింపకుడు' అని బ్రౌజరు ప్రతి సైటునకును విన్నవించు ఏర్పాటు 2009లో ప్రతిపాదింపబడినది. దానిని మన్నింపవలెనన్న విధి యెవరికిని లేదు. కావున మన్నించినవారు అరుదు. దానికొరకు నియమింపబడిన ప్రమాణసంఘము 2019లో మూతపడినది. 2025 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌వారు ఆ మీటనే తీసివేసిరి. దాని స్థానమున 'గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్' అను సంకేతము వచ్చినది. రూపమున రెండింటికిని భేదము స్వల్పమే. అయినను కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ రెండవదానికి శాసనబలము కలదు. దానిని పాటింపలేదన్న యారోపణపై 'సెఫోరా' యను వర్తకసంస్థ 2022లో 12 లక్షల డాలర్లు చెల్లించుకొన్నది. వట్టి విన్నపమునకును హక్కునకును గల తారతమ్య మిదియే.

ప్రజాపక్షమున నిలుతుమని చెప్పుకొనువారును విమర్శకు అతీతులు కారు. 2024 జూలైలో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 128వ కూర్పునందు, ప్రకటనల ఫలితమును కొలుచు నూతనపద్ధతి యొకటి ఎవరిని అడుగకయే ప్రారంభస్థితిలో నుంచబడినది. అది వ్యక్తులను పోల్చనీయక, మొత్తము లెక్కలను మాత్రమే తెలుపునదని దాని కర్తలు చెప్పిరి. ఆ మాట నిజమే కావచ్చును. కాని 'నోయ్బ్' అను ఐరోపా సంఘమువారు సెప్టెంబరులో ఆస్ట్రియా అధికారులకు ఫిర్యాదు చేయుచు అడిగినది వేరు: మంచిదైనచో ముందుగ ఏల అడుగలేదు? ఇట్టి సూక్ష్మములను జనులకు వివరించుట దుర్ఘటమను సమాధానము మాకు రుచింపదు. నీ మేలు నీకంటె మాకు బాగుగ తెలియునను వాదము పాలింపబడినవారికి క్రొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ వాడుక నిబంధనలలోని భాషపై ఆందోళన చెలరేగగా, కొలది దినములలోనే ఆ వాక్యములు సవరింపబడినవి. వాడుకరులు నోరు విప్పినచో ఫలితము లేకపోదని దీనివలన తెలియుచున్నది.

ఇక యాడ్-ఆన్ల సంగతి. ప్రకటనలను ఆపుట, అక్షరములను పెద్దవి చేయుట, సంకేతపదములను భద్రపరచుట మొదలగు పనులకై బ్రౌజరునకు తగిలించుకొను ఈ యుపకరణములు పెక్కుసారులు మనము చూచు ప్రతిపుటను చదువుటకును మార్చుటకును అధికారము కోరును. ఆ యధికారము చేతబడినవాడు సజ్జనుడైన మేలు; కానిచో ఇంటి తాళము పరహస్తగతమైనట్లే. అవాస్ట్ సంస్థ తన యుపకరణములు వెంబడింపును ఆపునని చెప్పుకొనుచు, వానిద్వారా సేకరించిన సమాచారమునే నూరుమందికి పైబడిన కొనుగోలుదారుల కమ్మినదని అమెరికా వాణిజ్యాధికార సంఘము ఆరోపించినది. 2024లో ఆ సంస్థపై 1 కోటి 65 లక్షల డాలర్ల భారము పడినది.

ఇట్టి యపాయమును చూపియే గూగుల్‌వారు 'మేనిఫెస్ట్ వి3' అను నూతననియమావళితో యాడ్-ఆన్ల శక్తిని కుదించిరి. వారి హేతువులో సత్యాంశము కలదు. అయినను ఆ నియమముచేతనే ప్రకటనల నరికట్టు 'యూబ్లాక్ ఆరిజిన్' 2024, 2025 సంవత్సరములలో క్రోమునుండి క్రమముగ తొలగిపోయినది. ఫైర్‌ఫాక్స్ పాతమార్గమునుగూడ నిలిపి దాని నాదరించినది. భద్రత పేర చేయబడిన సంస్కారము సంస్కర్తకే లాభకారి యగునప్పుడు ప్రజలు దానిని నిదానించి పరీక్షింపవలెను.

2025లో మరియొక మార్పు వచ్చినది. జూలైలో పర్‌ప్లెక్సిటీవారి 'కామెట్', అక్టోబరులో ఓపెన్‌ఏఐవారి 'అట్లాస్' వెలువడినవి. వీనిలో కృత్రిమమేధ మనతోపాటు పుటను చదివి, మన పక్షమున పనులనుగూడ చేయును. పూర్వము వెంబడించువానికి మనమే పుటకు పోయితిమో ముఖ్యము. ఈ సహాయకునకు పుటలోపలి సంగతియే ముఖ్యము. కావున అనుమతి ప్రశ్న ఇచట మరింత గురుతరమైనది.

మన దేశమున 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగ నిర్ణయించినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. సమ్మతి స్వేచ్ఛతో, విషయము తెలిసి, స్పష్టమైన చర్యద్వారా ఇయ్యబడవలెననియు, ఇచ్చినంత సులభముగనే దానిని ఉపసంహరించుకొనవచ్చుననియు, నోటీసును ఇంగ్లీషులో గాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో గాని చదువుకొను వీలుండవలెననియు అది విధించుచున్నది. అనగా తెలుగువాడు తన సమ్మతిని తెలుగులో అడుగుమనుటకు హక్కు కలవాడు. తప్పిదమునకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా కలదు. నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమ్మతికి సంబంధించిన ముఖ్యవిధులకు పదునెనిమిది మాసముల గడు వీయబడినది.

లోపములును కలవు. తానెన్నుకొనిన ప్రభుత్వాంగములను ఈ చట్టమునుండి మినహాయించు నధికారమును కేంద్రప్రభుత్వము తనయొద్ద నుంచుకొన్నది. వర్తకునకు విధించిన కట్టుబాటు రాజ్యమునకు వర్తింపకున్న హక్కు సగమే యగును. బ్రౌజరు పంపు నిరాకరణసంకేతమును మన్నింపవలెనన్న స్పష్టమైన విధియు ఇందులో లేదు. ఈ రెండును సవరింపబడవలెనని మేము కోరుచున్నాము. నూతనసౌకర్య మేదియైనను, సమాచారమును వెలుపలికి పంపునదైనచో, వాడుకరి కోరువరకు ఆగియుండుట నియమము కావలెను. తెలుగు నోటీసు నిఘంటువు లేనిదే బోధపడని యనువాదము గాక, ఇంటిల్లిపాదికి అర్థమగు మాటలలో నుండవలెను.

ఈలోగా పాఠకులు చేయదగిన పని కొంత కలదు. యాడ్-ఆన్ల పట్టికను తెరచి అక్కరలేనివానిని తీసివేయుడు. ఉన్నవానికి ఏ యధికారమిచ్చితిరో చదువుడు. గోప్యతా సెట్టింగులను ఒకమారు ఆమూలాగ్రముగ చూడుడు. ఇంటిలోని పెద్దలకును పిల్లలకును చూపుడు. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలు చెప్పిరి. ఈ వర్తకులు దానిని పూర్ణాంగీకారముగ లెక్కించుచున్నారు. ఆ లెక్క తప్పని చెప్పవలసిన బాధ్యత వాడుకరులమైన మనపై నున్నది.