కప్పును వదిలి రిమోట్‌పై పెత్తనం

ఇకపై ఏసీలు 20 డిగ్రీల కిందికి దిగవు, 28 దాటి పైకి పోవు. 2025 జూన్ 10న కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ చేసిన ప్రకటన సారాంశమిది. అది ఇప్పట్లో జరిగేది కాదు, 2050 తర్వాతి మాటని పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ ఆ వెంటనే సర్దిచెప్పారు. ప్రకటన చల్లారినా దాని వెనకున్న వాదన చల్లారలేదు. జనం అవసరానికి మించి చల్లదనం కోరుతున్నారట, రిమోట్‌కు తాళం వేస్తే కరెంటు మిగులుతుందట. దుబారా నింద మొత్తం వాడకందారు నెత్తిన వేసే ఈ వాదనలో నిజాయతీ లేదు.

ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు 6 శాతం దాకా ఆదా అవుతుందన్న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్కను కాదనం. వేసవి రాత్రుల్లో గ్రిడ్‌పై పడే భారమూ నిజమే. ఆ లెక్క ఏ గదిలో పనిచేస్తుందో, ఏ గదిలో పనిచేయదో చెప్పకుండా దాచడమే అభ్యంతరకరం.

రోహిణి కార్తెలో ఒక రాత్రి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం రండి. పదకొండు గంటలకు ఏ డాబా ఇంటి పై అంతస్తులోనైనా మంచమెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించండి. ఇంకా కాలుతూనే ఉంటుంది. పగలంతా ఎండ తాగిన నాలుగైదు అంగుళాల కాంక్రీటు అర్ధరాత్రి దాటేదాకా ఆ వేడిని కింద పడుకున్నవాళ్ల మీదికి దింపుతూనే ఉంటుంది. పొద్దువాలాక ఇంటావిడ బకెట్లతో డాబా మీద నీళ్లు పోస్తే గుప్పున ఆవిరి లేస్తుంది.

అలాంటి గదిలో చిన్న ఏసీ బిగిస్తే రిమోట్‌లో 18 అని కనిపిస్తుంది కానీ, గది ఆ దరిదాపులకు కూడా చేరదు. కోరినంత చల్లబడితేనే కంప్రెసర్ విశ్రాంతి తీసుకుంటుంది, చల్లబడకపోతే తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది. ఆ 18ని 20 చేసినా అది ఆగదు, మీటరూ ఆగదు. ఎక్కడ కరెంటు ఎక్కువ కాలుతోందో సరిగ్గా అక్కడే మంత్రిగారి మందు పనిచేయదు. ఆ ఇంటివాళ్లు 18 నొక్కేది విలాసం కోసం కాదు, పిల్లలకు రెండు గంటలు నిద్ర పట్టడం కోసం. వాళ్లను దుబారా మనుషులని అనడం అన్యాయం.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదనుకుందామా? బాగా తెలుసు. 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహితలో పైకప్పు గుండా దిగే వేడికి హద్దు రాసుంది. ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించరాదు. వేడిని ఆపే పొర లేని ఉత్త స్లాబు నుంచి దానికి రెండింతలకు పైగా దిగుతుంది. అయితే ఆ హద్దు కొత్తగా కట్టేవాటికే, అదీ 500 చదరపు మీటర్ల స్థలానికి, అంటే సుమారు 600 గజాలకు తక్కువ కాకుంటేనే. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చి మంచి దారి వేసింది కానీ, ఇళ్ల విషయంలో అక్కడా 600 గజాల గీతే. మన ఆంధ్రా పట్టణాల్లో పేదలకు సర్కారు సెంటు చొప్పున పంచిన స్థలం 48 గజాలు. వేడికి ఎక్కువ ఉడికే ఇళ్లన్నీ గీతకు ఇవతలే ఉండిపోయాయి. కప్పు గురించి రాసిన చట్టం బీదవాడి ఇంటిదాకా రాదు, రిమోట్ మీది ఆంక్ష మాత్రం ప్రతి ఇంట్లోకీ వస్తుందా?

ఆ వేడిని తోడే కరెంటు ఎలా పుడుతుందో ఇబ్రహీంపట్నానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడే 1979లో మొదలైన నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 800 మెగావాట్ల కొత్త యూనిట్‌తో 2,560 మెగావాట్లకు పెరిగింది. డాబాలు చల్లబడనంత కాలం అక్కడ బొగ్గు మండాల్సిందే, దాని బూడిద బాధ ఈ ఊరు పడాల్సిందే.

చేయాల్సిన పనులు కొత్తవీ కావు, కష్టమైనవీ కావు. స్లాబుకు సున్నమో తెల్లని కూల్ పెయింటో వేయాలి. పడమటి కిటికీకి సజ్జ దింపాలి. డాబా మీద తాటాకు పందిరి వేయాలి. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగించాలి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. ప్యానెళ్ల నీడ స్లాబునూ కాస్తుంది కాబట్టి అది మంచి పథకమే. అలాంటి ఆసరాయే కప్పు పూతకూ కావాలి. అద్దె ఇళ్లలో కరెంటు బిల్లు అద్దెకున్నవారిది, స్లాబు ఓనరుది. అందుకే ఓనర్లు పూనుకోరు. పూత వేయించిన వారికి ఇంటి పన్నులో రాయితీ ఇస్తేనే వారు కదులుతారు. ఏసీయే లేని రేకుల ఇళ్లకు ఆ పూత ఉచితంగా వేయించాలి.

సంక్రాంతికి ఇంటి గోడలకు వెల్ల వేయడం మన ఆనవాయితీ. ఈసారి ఆ కుంచెను డాబా మీదికీ ఎక్కించండి. ఆ చాకిరీ జనం చేసుకోగలరు. ఖర్చులో తన వాటా పెట్టాల్సింది మాత్రం ప్రభుత్వమే.