అడవి మమ్మల్ని పెంచింది, మేమూ అడవిని పెంచాం

"యానాదోళ్లకేంది, ఎలకలు పట్టుకుని బతుకుతారు." సత్యవేడు చుట్టుపక్కల ఈ మాట వినని మనిషి ఉండడు. అవును, పడతాం. కలుగు చూసి లోపల ఉండేది ఎలకో పామో చెప్పడం, చిల్లుకుండలో గడ్డి కాల్చి పొగ ఊదడం, ఎలక దాచిన వడ్లు తవ్వి తీయడం ఒక విద్య. డిగ్రీ చదివిన నాకు అది రాదు. మా తాతకు వచ్చు. రైతుల పంట కాపాడింది కూడా ఆ విద్యే.

మా పెద్దోళ్లు అడవిగడ్డ తవ్వితే తీగ తలను మళ్లీ మట్టిలో పూడ్చి వస్తారు. ఆఫ్రికాలోని కామెరూన్ వానల అడవుల్లో బాకా అనే జనం కూడా ఇట్లాగే చేస్తారు. వాళ్లకీ మాకీ చుట్టరికం లేదు. ఇద్దరికీ నేర్పింది అడవే. అడవి కూడు పెట్టింది, మేం తినే పద్ధతి అడవిని మళ్లీ మొలిపించింది.

అట్లాంటోళ్లనే అడవికి శత్రువులంటారా? ఉగాండాలో 1991లో బ్విండి అడవిని జాతీయ పార్కు చేసి బట్వా జనాన్ని బయటికి గెంటేశారు. అంత దూరం ఎందుకు, మన పక్కనే శ్రీహరికోట ఉంది. పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఆ దీవిలో తేనె, గడ్డలు, మందుమొక్కల మీద బతికిన యానాదులను రాకెట్ కేంద్రం కోసం ఖాళీ చేయించారు. 1971 అక్టోబర్ 9న అక్కడ మొదటి రాకెట్ ఎగిరింది. చంద్రయాన్ ఎగిరినప్పుడు మేమూ చప్పట్లు కొట్టాం. మరి ఆ అడవి పోగొట్టుకున్నోళ్ల గురించి మీలో ఎంతమంది అడిగారు?

"ఇంకా అడవేంది, చదువుకుని బాగుపడండి" అంటారు. చదువుకున్నాం కాబట్టే అడుగుతున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం మీద మాకు హక్కు ఇచ్చింది. మా సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు కూడా ఇచ్చింది. "మీది షెడ్యూల్డ్ ఏరియా కాదు కదా" అని ఎవరన్నా తిప్పి పంపితే నమ్మొద్దు. ఈ చట్టానికి ఆ షరతు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ఆదివారం మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఏ గుట్టలో ఏ గడ్డ దొరికేది, ఏ చెట్టున తేనె పట్టేది, అన్నీ రాయించుకోండి. పెద్దల వాంగ్మూలం చట్టం ఒప్పుకున్న సాక్ష్యం. దాన్ని ఫారం-బి తో పాటు గ్రామసభలో పెట్టండి. అవ్వ పోయిందంటే ఆ సాక్ష్యమూ పోయినట్టే.

జోహార్!