కుడి గుడి అయినప్పుడు

కొత్త ర్యామ్ వేయించిన కంప్యూటరు మునుపటికన్నా చురుగ్గా నడవాలి. అలా నడవకపోగా, పని మధ్యలో నీలితెర ప్రత్యక్షమై యంత్రం తనంతట తాను మళ్లీ మొదలవుతూ ఉంటే, ఆ తెరపై వచ్చిన సందేశాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ప్రతిసారీ ఒకే సందేశమైతే ఏదో ఒక ప్రోగ్రాంను అనుమానించవచ్చు. పూటకో సందేశం వస్తుంటే మాత్రం అనుమానం ముందుగా ర్యామ్ మీదికి పోవాలి. బాగుచేసేవారు సాధారణంగా "వైరస్" అంటారు. ఆ మాట అనటం సులువు.

నేటి ర్యామ్‌కు మూలమైన ఆలోచన 1966లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ డెన్నార్డ్‌ది. ప్రతి సున్నా, ప్రతి ఒకటి అతి చిన్న కెపాసిటర్లో విద్యుదావేశంగా నిలుస్తుంది. నిలుస్తుందనటం మర్యాదకే గాని, అది నిరంతరం కారిపోతూనే ఉంటుంది. అందుచేత సాధారణంగా 64 మిల్లీసెకండ్లలోగా అన్ని గదులనూ ఒకసారి తిరిగి నింపాలి. చిల్లికుండకు నీళ్లు పోయటం వంటి ఈ పనికి వేగమూ, వోల్టేజీ, వ్యవధులూ సరిగా కుదరాలి.

డి.డి.ఆర్.3 ర్యామ్ డి.డి.ఆర్.4 గాడిలో దిగదు; వాటి గాట్లు వేరు. కాని డి.డి.ఆర్.3లోనే 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులతో నడిచేది మరొకటి ఉన్నాయి. చూపుకు రెండూ ఒకటే. 1.35 వోల్టులు మాత్రమే అందించే లాప్‌టాప్‌లో మొదటి రకం చక్కగా దిగి కూర్చుంటుంది. ఆపైన యంత్రం అసలు లేవకపోవచ్చు. లేచి, మధ్యలో కూలిపోనూవచ్చు. లేవకపోవటమే మేలు.

భిలాయిలో మేముండే మరోదా సెక్టారులో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. శ్రీకాకుళం నుంచి తండ్రిగారు ఇక్కడికి వలస వచ్చిన నాటి కథ రాసుకుంటున్నారు. పాత ఉత్తరాలను స్కాన్ చేసి కంప్యూటరులో భద్రపరుస్తున్నారు. పాత ర్యామ్ వేగం 2400. పక్కన 3200ది పెట్టించారు. రెండూ డి.డి.ఆర్.4 రకమే. మామూలుగా ఇటువంటి జంట నెమ్మదైనదాని వేగంతో నడుస్తుంది. కాని అమర్చినవారు సెట్టింగులలో ఎక్స్.ఎం.పి. అనే వేగపు అమరికను ఆన్ చేసి పంపారు. పాత ర్యామ్ శక్తికి మించి పరుగెత్తవలసి వచ్చింది. విడివిడిగా పరీక్షిస్తే రెండూ నిర్దోషులే, కలిపితేనే తప్పులు. ఆ అమరిక తీసివేయగానే తప్పులు ఆగాయి. అప్పటికే విండోస్ రెండుసార్లు తిరిగి వేయించారు, డబ్బు దండగ.

అసలు నష్టం నీలితెర కాదు. యంత్రం కూలిపోని వేళల్లో ఏం జరిగింది? యూనికోడ్‌లో క, గ అక్షరాల సంకేతాలకు ఒకే ఒక బిట్టు తేడా. అది తారుమారైతే "కుడి పక్క ఇల్లు" కాస్తా "గుడి పక్క ఇల్లు" అవుతుంది. వర్ణక్రమ దోషం లేదు కనుక ఏ ప్రోగ్రామూ పట్టుకోదు. కచటతపలకు గసడదవలు రావటం తెలుగుకు కొత్త కాదు గాని, ఇది చిన్నయసూరి ఎరుగని ఆదేశం! అనువాదం వృత్తిగా గల నాకు ఇది వినోదం కాదు. మా ఊరి రైలు పట్టాలను అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు; నున్నని పట్టాలోనూ లోపల పగులు ఉండవచ్చు గనుక. ఫైలుకు అటువంటి పరీక్ష చేసేవారెవరు?

కనుక అనుమానం కలిగిన క్షణాన ఆ యంత్రంలో ఫైళ్లు కాపీ చేయటం ఆపండి. పెన్‌డ్రైవులోని పాత మంచి ప్రతి మీద కొత్త ప్రతిని వేయకండి. విండోస్ తిరిగి వేయకండి, చెడు ర్యామ్ గుండా పోయే కొత్త విండోస్ కూడా చెడిపోవచ్చు. యంత్రాన్ని ఆపి, విద్యుత్తు తీగ ఊడదీసి, లోహాన్ని తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకుని, కొత్త ర్యామ్ తీయండి. పాతదానితో రెండు రోజులు నడపండి. తరువాత కొత్తదాన్ని ఒంటరిగా, ఆపైన రెంటినీ కలిపి, ఎక్స్.ఎం.పి. లేకుండా పరీక్షించండి. మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంను రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి ఫలితం తెలుస్తుంది. ఒక్క తప్పు చూపినా ఆ అమరిక పనికిరాదు. "ఒక్కటే గదా" అని వదిలేయకండి. అంతా శుభ్రమని తేలాక, ర్యామ్ మార్చకముందు తీసిపెట్టిన ప్రతితో ముఖ్యమైన ఫైళ్లను సరిపోల్చుకోండి.