అడుగు నీళ్ళు చూడని లెక్క ఎవరి కోసం?

వేసవిలో ఊరి చెరువులో మునిగిన వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పైన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్ళు కిందికి దిగేకొద్దీ చల్లగా తగులుతాయి. వెచ్చని నీరు తేలిక, చల్లని నీరు బరువు. అందుకే ఒకదాని మీద ఒకటి పొరలుగా నిలుస్తాయి. చెరువులో అయితే గట్టి గాలి వీచినా, రాత్రి చల్లబడినా ఆ పొరలు కలిసిపోతాయి. వందల మీటర్ల లోతున్న సరస్సుల్లో అలా కుదరదు. జెనీవా సరస్సు లోతు సుమారు 310 మీటర్లు. 2012 శీతాకాలంలో అది అడుగుదాకా కలిసింది. ఆ తరువాత పదేళ్ళు దాటినా మళ్ళీ పూర్తిగా కలవలేదు. పై నీరు దిగకపోతే ప్రాణవాయువు కిందికి చేరదు, అడుగునున్న పోషకాలు పైకి రావు.

సైన్సు అనగానే పేజీ తిప్పేసే మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. చివరికి ఇది తిండి గురించిన మాటే.

ఈ కలయికను లెక్కగట్టడానికి కంప్యూటర్ నమూనాలు వాడుతున్నారు. సరస్సును పలుచని పొరల దొంతరగా ఊహిస్తారు. ఎండ, గాలి వేగం, తేమ, మబ్బు వివరాలు గంట గంటకూ ఇస్తారు. ఎంత వేడి చేరింది, ఆవిరితో ఎంత పోయింది, గాలి ఎంత లోతుదాకా నీటిని కలియబెట్టింది అని కంప్యూటర్ పొర తరువాత పొర లెక్కిస్తుంది. స్విట్జర్లాండులోని ఇయావాగ్ జల పరిశోధన సంస్థ వారి సిమ్‌స్ట్రాట్ ఇలాంటిదే. ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటర్ మీదే నడుస్తుంది. ఫ్లేక్ అని ఇంకొకటి ఉంది. దాన్ని వాతావరణ అంచనాల కోసం తయారు చేశారు. అందులో సరస్సుకు రెండే పొరలు. లోతు మరీ ఎక్కువైతే 40, 50 మీటర్ల దగ్గర ఒక ఉత్తుత్తి అడుగు పెట్టి నడిపిస్తారు. వాతావరణం చెప్పేవారికి కావలసింది పై నీటి వేడి మాత్రమే కనుక వారికి అది చాలు. ఇందులో మోసం లేదు. ఆ లెక్కను దాని పని కాని చోట వాడితేనే చిక్కు.

ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సునే చూడండి. లోతు 1,470 మీటర్లు. చుట్టూ టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా. పైన నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీల చుట్టూ ఉంటుంది, అడుగున 23 పైచిలుకు. తేడా రెండు మూడు డిగ్రీలే. ఆ కాస్త తేడాయే వెయ్యి మీటర్ల నీటికి మూత వేసినట్టు పనిచేస్తోంది. వంద, రెండు వందల మీటర్లు దాటితే అక్కడ ప్రాణవాయువే లేదు. మరి ఒక నమూనా ఒక డిగ్రీ తప్పిందనుకోండి. జెనీవా పై నీటి విషయంలో అది పెద్ద తప్పు కాదు, మెచ్చుకుంటారు కూడా. టాంగన్యికాలో అది ఉన్న తేడాలో సగం!

అక్కడి జాలర్ల బతుకు ఈ లెక్కతో ముడిపడి ఉంది. సరస్సు వేడెక్కి, గాలులు తగ్గి పోషకాలు పైకి రావడం లేదనీ, నాచు ఉత్పత్తి సుమారు 20 శాతం తగ్గిందనీ, దాన్నిబట్టి చేపలు 30 శాతం దాకా తగ్గి ఉండవచ్చుననీ 2003లో క్యాథరిన్ ఓరైలీ బృందం నేచర్ పత్రికలో రాసింది. కాదు, వేట మితిమీరడమే కారణమని మరికొందరు శాస్త్రజ్ఞుల వాదన. 2024లో టాంజానియా మే నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా ఆ సరస్సులో వేట ఆపించింది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వల ఆరేసుకుని కూర్చునే ఇళ్ళ నుంచి వచ్చిన మిత్రులకు మూడు నెలలంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. నిషేధం తప్పని మేము అనడం లేదు. సరస్సు వేడెక్కడం వల్ల ఎంత, వలల వల్ల ఎంత అని విడదీయవలసిన లెక్క పైపైన సరిపోతే చాలదని మా వాదన. పొరల బిగువును తక్కువగా చూపే లెక్క నిందనంతా జాలరి మీద వేస్తుంది. ఎక్కువగా చూపితే విచ్చలవిడిగా వేటాడేవాడు తప్పించుకుంటాడు.

గాలి కొలత సంగతి మరీ ముఖ్యం. నీటిని కలిపేది గాలే. కానీ చాలాచోట్ల దాన్ని కొలిచేది ఒడ్డున, నేల మీద. సరస్సు నడిమధ్య గాలి వేరు. ఆ లోటు పూడ్చడానికి గాలిని ఇంత రెట్లు పెంచు, ఇంత తగ్గించు అని నమూనాకు ఒక అంకె ఇస్తారు. ఆ అంకె సరైనదో కాదో తేల్చాలంటే పడవలో వెళ్ళి తాడుకు ఉష్ణమాపకం కట్టి దించడం తప్ప వేరే దారి లేదు.

మన కాలేజీల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు గొప్ప, పడవలో తడిసి వచ్చినవాడు తక్కువ అన్న చూపు ఒకటి ఉంది. మాకు అది ఒప్పుకోవాలనిపించడం లేదు. జియాలజీ, జువాలజీ, భూగోళం చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రాజెక్టు కోసం పాత రికార్డు కాపీ చేసేకన్నా ఇది పట్టుకోవచ్చు. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు. వెనుక నిలిచిన ఆ నీటి మీద సిమ్‌స్ట్రాట్ నడపడానికి కాలేజీ ల్యాబు చాలు. పడవకు, తాడుకు మాత్రం మాస్టారి సంతకంతో అనుమతి అడగాలి. నిండిన ఆగస్టులో ఒకసారి, తగ్గిన ఏప్రిల్‌లో ఒకసారి, ప్రతి 10 మీటర్లకూ ఒక అంకె.