గేర్‌బాక్స్ ఆయిల్ బేస్‌మెంట్‌లో మార్చేది కాదు

జిగణి ఇండస్ట్రియల్ ఏరియాలో రోజంతా మెషీన్లతో పనిచేసేవాళ్ళం, ఆయిల్ మార్చడం మనకు చేతకాదా అంటున్నారు కొందరు. ఇంజన్ ఆయిలైతే మార్చుకోండి, నేనూ మార్చుకుంటాను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సంగతి వేరు.

ఈమధ్య చాలా కార్లకు ఆ ఆయిల్ చూసే డిప్‌స్టిక్కే లేదు. బండి సమంగా ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, కంపెనీ చెప్పిన వేడి దగ్గర లెవెల్ చూడాలి. షాపులో లిఫ్ట్ ఉంది. మీరు జాకీని నమ్మి, నడుస్తున్న బండి కింద దూరతారా? కూలీ మిగుల్చుకోవడానికి ప్రాణం పణం పెడతారా? సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోశారో, గేర్‌బాక్సే పోతుంది. అప్పుడు మిగిలిందేమిటి?

అలాగని షాపువాళ్ళను గుడ్డిగా నమ్మమనను. డ్రెయిన్ చేస్తే పాత ఆయిలంతా రాదు, టార్క్ కన్వర్టర్‌లో చాలా ఉండిపోతుంది. "మొత్తం మార్చేశాం సార్" అంటే, ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని పోశారు అని అడగండి. డబ్బా మీద గ్రేడు మాన్యువల్‌తో సరిచూడండి.

ఇంకో మాట. మోరీలో పారబోసిన ఆయిల్ చివరికి చెరువులోనే తేలుతుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్‌కే చేరాలి. అక్కడిదాకా డబ్బా మోసే ఓపిక ఉన్నవాళ్ళే నాతో వాదనకు రండి.